మూడో తెర

ఆ ఏడాది అక్టోబరు పదమూడో తేదీ, శనివారం. పొద్దున్నే పాలబొంత చేప వేసి కాచిన గంజి తాగుతున్నాం. మా అమ్మాయి ఇన్‌హ్వా అల్లం సన్నగా తరిగి పైన చల్లి, చేప పొట్టముక్క నా గిన్నెలో వేసింది. మా ఆవిడ సియోక్‌బీ ఉన్నన్నాళ్ళూ ఆ ముక్క నాకే వచ్చేది. ఆవిడ పోయి మూడో ఏడు నడుస్తున్నా ఆ ముక్క దారి తప్పలేదు.

రెండో గిన్నె పోసుకోబోతుంటే ముందుగది అద్దాలు పగిలాయి.

ముగ్గురు వచ్చారు. ముఖాలకు గుడ్డలు, తలకు హెల్మెట్లు, చేతుల్లో ఇనపరాడ్లు. ముందుగది మా ఇన్‌హ్వా ఎన్నికల ఆఫీసు. ఒకడు బల్లలు విరిచాడు. ఒకడు నా ల్యాప్‌టాప్ మీద రాడ్డు దించాడు. పొడుగ్గా ఉన్నవాడు గోడమీది ఇన్‌హ్వా ఫొటో మీదికి పోయాడు. ఇన్‌హ్వా పరుగెత్తి వెళ్ళి అడ్డంగా చెయ్యెత్తింది. ఫొటోకి తగలాల్సిన దెబ్బ ఆ చేతికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వంటింట్లోకి వినిపించింది. ఎండిన చెరకుగడ మోకాలికేసి విరిచినట్టు.

పోతూ పోతూ వంటింట్లోకి తొంగిచూసిన చివరివాడు స్టవ్ మీద కుతకుతలాడుతున్న గంజికుండని తన్నలేదు. కాలు ఎత్తాడు, నన్ను చూశాడు, దించేశాడు. నేను ఆ కుండ పక్కనే నిలబడి ఉన్నాను. ఆ సంగతి ఇప్పటికీ గుర్తుంచుకున్నాను.

వాళ్ళని పంపిందెవరో మా వార్డులో అందరికీ తెలుసు. మూడుసార్లుగా వార్డు పెద్దగా ఉన్న చోంగ్‌గీ. మా ఆవిడకి సొంత తమ్ముడు. నా పిల్లలకి మేనమామ.

ఫ్యాక్టరీల మురుగుబురద లారీలు మా చేపల చెరువుల వెనకకి వచ్చి ఒంపిపోయేవి. రెండు వేసవులుగా చేపలు తెల్లగా తేలుతున్నాయి. చోంగ్‌గీ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఇన్‌హ్వా ఆయన గుమ్మానికి ఎన్నిసార్లు వెళ్ళిందో. చివరికి ఆయన మీదే నామినేషన్ వేసింది. ఆకాశంలో ఉరుముదేవుడు, నేలమీద మేనమామ అంటారు మాలో. తల్లి చచ్చిపోతే మేనమామ వచ్చి చూసి, పెట్టెకు మొదటి మేకు కొట్టేదాకా మూత పడదు. సియోక్‌బీ పెట్టెకు మేకు కొట్టింది చోంగ్‌గీయే. సుత్తి రెండుసార్లు గురి తప్పింది.

"మేకు కొట్టిన చెయ్యే అక్క చెయ్యి విరగ్గొట్టించింది," అన్నాడు మా అబ్బాయి కెంగ్‌హుయి ఆసుపత్రి వరండాలో. వాడు చెరువుల్లో గాలి చిలికే చక్రాలు బాగుచేస్తాడు. వేళ్ళ సందుల్లో ఎప్పుడూ గ్రీజే. "ఇంకోసారి మన గుమ్మం తొక్కనీ నాన్నా. వాణ్ణి చేపని కోసినట్టు కోస్తాను."

"వాణ్ణి కాదురా, మామయ్యని అనాలి," అన్నాను.

"సరే. మామయ్యని కోస్తాను."

వాడు ఉత్తుత్తిగా అనే రకం కాదు. ఆ రోజు నుంచి నాకున్న పని ఒకటే. ఓట్లు అయ్యేదాకా నా కొడుకు చేతికి మేనమామ నెత్తురు అంటకుండా చూడడం.

*

కెమెరాలు పెడదామన్నది నేనే. ఎవడు వచ్చాడో కళ్ళకు కనబడితే పోలీసులకు చూపించొచ్చు, కెంగ్‌హుయి చేతులకు పని తగ్గుతుంది.

మూతపడ్డ ఒక పాటల హోటల్ నుంచి ఆహోక్ పాత కెమెరాలు మూడు పట్టుకొచ్చాడు. ఫోన్లో కనబడే రకం కాదు, తీగలు లాగి కంప్యూటర్‌కి కలపాలి. లోపల కార్డు లేకపోతే చూపించడమే గానీ దాచుకోవు. ఆహోక్ నలభై ఏళ్ళవాడు, టీవీ కేబుళ్ళు లాగేవాడు. ఒకప్పుడు చోంగ్‌గీ కారు నడిపాడు. నిరుటేడు ఆయన చెంపమీద కొడితే మానేసి మావైపు వచ్చాడు.

నా ల్యాప్‌టాప్ తెర రాడ్డు దెబ్బకి సాలెగూడులా పగిలింది కానీ లోపలి ప్రాణం పోలేదు. దానికి బయటి తెరలు పెట్టుకోవాల్సిందే. ఒక మానిటర్ ఇన్‌హ్వా చేపలు కోయించే షెడ్డుది. ఒకటి పక్కింటి మూయి వదిన మనవడు ఆటలాడుకునేది. మూడోది ఆహోక్ ఇంటి నుంచి తెచ్చింది. ల్యాప్‌టాప్‌కి తెర తగిలించే చోటు ఒకటే ఉంది, తెరలు మూడు. అందుకని మధ్యలో ఒక పంపకాల పెట్టె. డాక్ అంటారు. అరచేయంత ఉంటుంది.

మొదటిరోజు మూడు తెరల్లోనూ ఒకే వీధి కనబడింది.

"ఇదేం వింత మాస్టారూ! మనకి మూడు వీధులున్నాయా?" అన్నాడు ఆహోక్.

"అద్దాల్లా ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. విడివిడిగా ఉండమని చెప్పాలి."

"మా కోడళ్ళకీ అదే చెప్పాలి," అంది మూయి వదిన, ఆఫీసుకు వచ్చినవాళ్ళకి పకోడీలు వేయిస్తూ. "చెబితే వింటాయా మీ తెరలు?"

విన్నాయి. మొదటి తెరలో వీధి, రెండోదాంట్లో చెరువుల దారి, మూడోదాంట్లో వెనక సందు, సందు చివర మా చేపల షెడ్డు. పిల్లలు వచ్చి తమ తలకాయలు చూసుకుని పోయారు. ఆ పగలంతా బాగానే ఉంది. పొద్దువాలి, భయంతో ముందు షట్టర్ దించి, పదిమందీ లోపల కూచున్నాక మూడో తెర ఆరిపోయింది.

సరిగ్గా ఆ సాయంత్రమే ఎవరో వెనక సందులోకి వచ్చి మా గోడమీద ఎర్రరంగు కుమ్మరించి, రెండు చచ్చిన కుక్కపిల్లల్ని గడపలో పడేసి పోయారు. మూయి వదిన వాటిని పాతసంచిలో చుట్టి, తనే గొయ్యి తీసి పూడ్చింది. ఎవరి పిల్లలో పాపం అంటూ పైన ఒక రాయి పెట్టింది.

ఆ తర్వాత నా రోజులన్నీ ఆ తెరతోనే గడిచాయి. కేబుల్ మార్చాను. రెండో తెర కేబుల్ మూడోదానికి, మూడోది రెండోదానికి పెట్టాను. తెరల జాగాలు మార్చాను. ల్యాప్‌టాప్‌ని ఆపి మళ్ళీ లేపాను. తెర మెరిసే వేగం తగ్గించి, బొమ్మ ముతగ్గా ఉన్నా ఫర్వాలేదన్నాను. కరెంటు ప్లగ్గు వేరే గోడకి మార్చాను. పొద్దున ఏది చేసినా పనిచేసేది. సాయంత్రం ఏది చేసినా ఆరిపోయేది. ల్యాప్‌టాప్‌ని అడిగితే మూడు తెరలూ వెలుగుతున్నాయనే చెప్పేది. వెనక సందు బొమ్మని పక్క తెరకి మళ్ళిస్తే కాసేపటికి అదీ కన్నుమూసేది. ఇంట్లో రోగి ఉంటే ఎలా ఉంటుందో అలా ఉండేది. పగలంతా తేరుకున్నట్టుండి దీపాలవేళకి జ్వరం.

"ఎవడో చెయ్యి పెడుతున్నాడు నాన్నా," అన్నాడు కెంగ్‌హుయి. "చూసుకో, సందులోకి వాళ్ళు వచ్చేవేళకే ఆరుతోంది. యంత్రానికి మామయ్య ఫోన్ చేసి చెబుతున్నాడా?"

వాడి చూపు కేబుల్ చుడుతున్న ఆహోక్ వీపు మీద ఉంది.

"నా తెర కూడా అందులో ఉందిరా కెంగ్‌హుయీ," అన్నాడు ఆహోక్, వెనక్కి తిరక్కుండానే. "నా కన్ను నేనే పొడుచుకుంటానా?"

"కారు నడిపినవాడివి. ఎటు తిప్పాలో తెలిసినవాడివి."

ఆహోక్ నవ్వేశాడు. ఆ నవ్వు కెంగ్‌హుయికి నచ్చలేదు.

*

నవంబరు మూడోవారంలో ఒక సాయంత్రం షెడ్డు అంటుకుంది.

ఆఫీసు నిండా జనం. షట్టర్ దించి ఉంది. గోడ పక్కన మైకు పెట్టి ఇన్‌హ్వా మాట్లాడుతోంది, మెడకు కట్టిన గుడ్డలో పట్టీ వేసిన చెయ్యి. మూడో తెర ఎప్పుడో నల్లబడింది. మూయి వదిన ముక్కు ఎగబీల్చి, "ఏదో మాడుతోంది, నా పకోడీలు కావు," అంది.

మేం వెనక్కి వెళ్ళేసరికి షెడ్డు పైకప్పు కిందికి దిగుతోంది. చేపల డబ్బాలు ఒక్కొక్కటే పేలుతున్నాయి. కెంగ్‌హుయి చెరువు మోటారు తిప్పి గొట్టం పట్టుకున్నాడు. వాడి కనుబొమ్మలు కాలిపోయాయి. మంటల వెలుగులో వాడి ముఖం నేనెరగని ముఖంలా ఉంది.

తెల్లారి బూడిదలో వెతికితే చేపలు కోసే కత్తులు నీలంగా మారి దొరికాయి. షెడ్డులో చేపలు ఉడికించే పెద్ద గ్యాస్ సిలిండర్ మాత్రం సందు అవతల కాలవలో సగం మునిగి పడి ఉంది. అది షెడ్డులోనే ఉండి ఉంటే మా ఇల్లూ, మూయి వదిన ఇల్లూ, ఇంతమందీ మిగిలేవాళ్ళం కాదు. ఎలా దొర్లిందో ఎవరికీ తెలియలేదు. సియోక్‌బీయే తోసి ఉంటుందనుకుని లోపల దండం పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి కబురు వచ్చింది. చోంగ్‌గీ కుడిచెయ్యి మోచేతిదాకా కట్టుకట్టి ఉందట. కాలిందట.

"ఇంకేం సాక్ష్యం కావాలి?" అన్నాడు కెంగ్‌హుయి. చాలా మెల్లగా అన్నాడు. ఇన్‌హ్వా కుర్చీలోంచి లేవలేదు. పట్టీ వేసిన చేతిని రెండోచేత్తో పట్టుకుని నేలవైపు చూస్తూ ఉండిపోయింది.

కెంగ్‌హుయి లేచి వెళ్ళి బల్ల వెనక నేలమీద తీగలు సర్దుతున్న ఆహోక్ కాలు పట్టి ఇవతలికి ఈడ్చాడు.

అప్పుడు జరిగింది చెప్పడానికి నాకు ఇష్టం లేదు, కానీ చెప్పకపోతే ఈ కథ అబద్ధం అవుతుంది. కెంగ్‌హుయి చేతిలో గాలిచక్రం ఇరుసు ఉంది. మొదటి దెబ్బ భుజం మీద. రెండోది నోటి మీద. పళ్ళు నేలమీద రాలి, చిన్న రాళ్ళలా దొర్లాయి. "ఎంత ఇచ్చాడురా? తెర ఆర్పడానికి ఎంత ఇచ్చాడు?" అని అరుస్తూ మళ్ళీ ఎత్తాడు. ఆహోక్ రెండు చేతులూ తలమీద పెట్టుకుని నెత్తురు ఉమ్ముతూ, "అక్కనడుగు! అక్కనడుగు!" అన్నాడు. బతిమాలుతున్నాడనే అనుకున్నాం.

"ఆపరా! ఆపు!" అని ఇన్‌హ్వా అరిచింది. అంతే. ఇంకేం అనలేదు.

నేను మధ్యలోకి వెళ్ళాను. ఇరుసు నా వీపు మీద పడింది. ఊపిరి ఆగిపోయింది. నేను ఆహోక్ మీద పడ్డాక కెంగ్‌హుయి ఇరుసు వదిలేశాడు. అది సిమెంటు మీద గంటలా మోగింది. నా కింద ఆహోక్ వణుకుతున్నాడు. వాడి నెత్తురు నా చొక్కాలో వెచ్చగా ఇంకుతోంది. ఆ స్థితిలోనూ వాడు నన్ను, "దెబ్బ తగిలిందా మాస్టారూ?" అని అడిగాడు. ముక్కలు ముక్కలుగా.

*

ఆహోక్‌ని ఆసుపత్రికి పంపాక ఆఫీసులో ఎవరూ లేరు. వీపు మండుతోంది. కూచోలేక, పడుకోలేక, నేలమీద బోర్లా పడి బల్లకిందికి చూశాను. అలా ఆ బల్లకిందికి నేను ఎప్పుడూ చూడలేదు. పెట్టె మీద ఎన్నికల గుడ్డ వేలాడుతుంటే పైనుంచే చెయ్యి పెట్టి ప్లగ్గులు మార్చేవాణ్ణి.

గుడ్డ ఎత్తాను. డాక్ కనబడలేదు. ఆకుపచ్చ పొట్లాలు కనబడ్డాయి.

మొక్కజొన్న ఉండల పొట్లాలు అవి, కొబ్బరి రుచివి. యంత్రాల దగ్గర పెడితే యంత్రం బుద్ధిగా ఉంటుందని మాలో నమ్మకం. ఆకుపచ్చవే పెట్టాలి. తినకూడదు, తేదీ దాటకూడదు. ఫ్యాక్టరీల్లో, బ్యాంకుల్లో, ఆసుపత్రి యంత్రాల నెత్తిన కూడా ఉంటాయి. సియోక్‌బీ మా రైస్‌కుక్కర్ మీద ఒకటి పెట్టేది. ఇక్కడ మాత్రం ఒకటి కాదు. డాక్‌కి పైన, పక్కల, వెనక, ల్యాప్‌టాప్ గాలిరంధ్రాల దగ్గర ఇటుకల్లా పేర్చి, ఎర్రదారంతో కట్టి ఉన్నాయి. చెయ్యి దూర్చి డాక్‌ని తాకాను. పొయ్యిమీద గిన్నెని తాకినట్టు చురుక్కుమంది.

పొట్లాలు తీసేశాను. గుడ్డ లాగేశాను. విసనకర్రతో విసిరాను. కాసేపటికి మూడో తెర ఒకసారి రెప్పలాడించి తెరుచుకుంది. వెనక సందు, నల్లటి బూడిద, అందులో దేన్నో వెతుకుతున్న పిల్లి.

ఇంతకాలం ఎన్నెన్ని మార్చాను. అసలు ఆ పెట్టె ఊపిరాడక చచ్చిపోతోందని అనుకోలేదు. పగలు షట్టర్ ఎత్తి ఉన్నంతసేపు సముద్రపు గాలికి ఎలాగో లాక్కొచ్చేది. సాయంత్రం షట్టర్ దించగానే చేతులెత్తేసేది.

"నేనే పెట్టాను," అంది వెనక ఒక గొంతు. కెంగ్‌హుయి. "అమ్మ పెట్టినట్టు. ఆరిపోయినప్పుడల్లా ఇంకోటి పెట్టాను నాన్నా. బుద్ధిగా ఉంటుందని."

వాడు నేలమీద కూచుని ఒక పొట్లాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. ఆహోక్ పన్ను ఒకటి వాడి చెప్పు పక్కనే ఉంది. దాన్ని చూశాడు. ఏడుస్తాడనుకున్నాను. ఏడిస్తే బాగుండేది.

"వాణ్ణి నాతో కొట్టించింది కూడా మామయ్యే," అన్నాడు. "ఆయన ఇదంతా మొదలుపెట్టకపోతే తెరలెందుకు, ఆహోక్‌ని నేను అనుమానించడమెందుకు?" లేచి, బూడిదలో దొరికిన నీలంకత్తుల్లో ఒకటి తీసి చొక్కా లోపల పెట్టుకున్నాడు. బయట దూరంగా చోంగ్‌గీ ఊరేగింపు బాణసంచా మొదలైంది.

"కెంగ్‌హుయీ, మీ అమ్మ తమ్ముడురా!"

"అందుకే. వేరేవాళ్ళతో చేయించను."

బండి ఎక్కి పోయాడు. వీపు దెబ్బతో నేను గుమ్మం దాకా కూడా పరుగెత్తలేకపోయాను.

"అక్కనడుగు." ఆ మాట అప్పుడు మళ్ళీ వినిపించింది నాకు. నేను వెనక సందులోకి పోయి గోడమీది కెమెరా అడుగు తడిమాను. అక్కడ చిన్న కార్డు పెట్టే గంటు ఉంటుంది. అది ఖాళీ అని ఎరుగుదును, మేం కార్డులు కొననేలేదు. కానీ గంటు మీద మూత ఊడి ఉంది. మసి మధ్య వేలిముద్ర తెల్లగా ఉంది.

తిరిగి చూస్తే ఇన్‌హ్వా.

"రంగు పోసిన మర్నాడు ఆహోక్ తన ఫోన్లో కార్డు తీసి అందులో పెట్టాడు నాన్నా. నాకొక్కదానికే చెప్పాడు. తెర ఆరినా కెమెరా చూస్తూనే ఉంటుందన్నాడు." పట్టీకీ, చర్మానికీ మధ్య సందులోకి వేళ్ళు దూర్చి, గోరంత కార్డు బయటికి తీసింది. "ఇవాళ పొద్దున చూశాను."

ల్యాప్‌టాప్‌లో పెట్టాను. మూడో తెరలో సాయంత్రం వెలుగు ఉంది. పొడుగువాడు షెడ్డు గోడకి డబ్బాలోది చల్లుతున్నాడు. మంట లేచింది. అప్పుడు చెరువుల దారి నుంచి చోంగ్‌గీ పరుగెత్తుకొచ్చాడు, ఒక్కడే, చెప్పులు లేకుండా. పొడుగువాణ్ణి జుట్టు పట్టి లాగి ముఖంమీద గుద్దాడు. వాడు పారిపోయాడు. చోంగ్‌గీ మా ఇంటివైపు ఒకసారి చూశాడు. మంటలోకి దూరాడు. కాసేపు తెరలో పొగ తప్ప ఏమీ లేదు. తర్వాత సిలిండర్‌ని కౌగిలించుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికి వచ్చాడు. చొక్కా చెయ్యి మండుతోంది. కాలవలోకి దాన్ని దొర్లించి, తను కూడా పడ్డాడు.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. కసిరే ఓపిక లేదు నాకు.

"ఓట్లు అయ్యాక చెబుదామనుకున్నాను. షెడ్డు కాలాక జనం మనవైపు వచ్చారు నాన్నా. ముసలివాళ్ళు వచ్చి నా చెయ్యి నిమిరి ఏడ్చారు." మూడో తెరవైపు చూసింది. "ఆహోక్‌ని వాడు కొడతాడనుకోలేదు. కొడుతున్నప్పుడు నోటిదాకా వచ్చింది. రాలేదు."

"కెంగ్‌హుయి కత్తి తీసుకుని వెళ్ళాడు."

ఆమె ఒక్కచేత్తోనే స్కూటర్ తీసింది. నేను వెనక కూచున్నాను.

*

ఊరేగింపు చేపల మార్కెట్ మలుపులో ఆగిపోయి ఉంది. బాణసంచా పొగలో జనం కకావికలై ఉన్నారు. ప్రచారలారీ చక్రానికి ఆనించి కెంగ్‌హుయి మేనమామని నొక్కిపట్టాడు. కత్తి గొంతు దగ్గర ఉంది. చెవికింద అప్పటికే తెగి, నెత్తురు కాలర్‌లోకి దిగుతోంది. చోంగ్‌గీ మనుషులు వెనకనుంచి కెంగ్‌హుయి వీపు మీద కర్రలతో బాదుతున్నారు. వాడు కదలడం లేదు. ఎడంచేత్తో మేనమామ కట్టు లాగి పారేశాడు. చర్మం కట్టుతోబాటు ఊడి వచ్చింది. చోంగ్‌గీ అరిచిన అరుపుకి బాదుతున్నవాళ్ళు కూడా ఆగారు.

"నిప్పు పెట్టిన చెయ్యి ఇదేనా? చెప్పు మామయ్యా, ఇదేనా?"

చోంగ్‌గీ నన్ను చూశాడు. నోరు విప్పితే తను పిలిపించిన మనిషే నిప్పు పెట్టాడని చెప్పాలిగా.

ఇన్‌హ్వా లారీ మెట్టు ఎక్కి మైకు అందుకుంది. లారీ చుట్టూ సగం వార్డు ఉంది.

"వదులు తమ్ముడూ. ఆ చెయ్యి నిప్పు పెట్టి కాలలేదు. మన సిలిండర్ బయటికి లాగి కాలింది." ఆగింది. "నాకు తెలుసు. పొద్దుట్నుంచీ తెలుసు."

ఆ చివరి మాట అనకపోయినా సరిపోయేది. అంది.

కెంగ్‌హుయి మేనమామ చేతిని అలాగే పట్టుకుని, ఎర్రగా, తడిగా మెరుస్తున్న ఆ మాంసాన్ని చూస్తూ నిలబడ్డాడు. కత్తి జారింది. అప్పుడు కర్రలవాళ్ళు మళ్ళీ మీదపడ్డారు. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. వాడి ముఖం పగిలేదాకా కొట్టారు.

"చాలు," అన్నాడు చోంగ్‌గీ. ఇంకోసారి గట్టిగా, "చాలన్నానా!"

నేను కట్టుగుడ్డ నేలమీద నుంచి తీసి దులిపాను. ఎందుకో తెలియదు, అది బురదలో ఉండడం చూడలేకపోయాను.

"అద్దాలు పగలగొట్టమన్నాను బావా," అన్నాడు చోంగ్‌గీ, నాకు మాత్రమే వినబడేలా. "చేతులు కాదు."

"అద్దాల వెనక ఉండేవి చేతులే చోంగ్‌గీ."

మర్నాడు సాయంత్రం ఇన్‌హ్వా నన్ను పిలిచి, మూడు తెరల్నీ వీధివైపు తిప్పమంది. "మూడింట్లోనూ ఒకటే బొమ్మ రావాలి నాన్నా." మొదటిరోజు వద్దని వదిలించుకున్నదాన్నే ఇప్పుడు కావాలని పెట్టాను. షట్టర్ ఎత్తేశాం. తెరలు ఒక్కటీ ఆరలేదు. వీధిలో జనం నిలబడి, సిలిండర్‌ని కౌగిలించుకున్న మనిషిని చూశారు. మూడుచోట్ల మండుతున్న ఒక్క చేతిని చూశారు. మూయి వదిన, "పొడుగువాడెవడో చూడండిరా ముందు," అంది. వాణ్ణి ఆ రాత్రే పట్టుకున్నారు.

శనివారం ఓట్లు పడ్డాయి. ఇన్‌హ్వా ఓడిపోయింది.

*

కెంగ్‌హుయి తనే పోలీస్ స్టేషన్‌కి నడిచి వెళ్ళాడు. మేనమామ గొంతు సంగతికి ముందు ఆహోక్ పళ్ళ సంగతి చెప్పాడట. వాణ్ణి చూడడానికి వెళితే గాజు అవతలనుంచి, "నాన్నా, రైస్‌కుక్కర్ మీద పొట్లం తేదీ చూశావా?" అని అడిగాడు.

ఆహోక్‌కి నేను రోజూ గంజి పట్టుకెళ్ళాను. ముల్లు ఒక్కటి లేకుండా చేప వలిచి వేసేవాణ్ణి. తాగేవాడు. ఇన్‌హ్వా వెళ్ళి గుమ్మంలో నిలబడితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంటికి వచ్చాక ఒకరోజు మా ఆఫీసుకి వచ్చి, "నా తెర నాకిచ్చేయండి మాస్టారూ," అన్నాడు. కేబుల్ తనే విప్పి, మడతలు పడకుండా చుట్టుకుని, సంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. బల్లమీద దుమ్ములో తెర నిలబడిన గుర్తు మిగిలింది.

డిసెంబరులో సియోక్‌బీ తద్దినం వచ్చింది. నేనూ ఇన్‌హ్వా పాలబొంత వేయించి, నారింజలు పెట్టి, ఫొటో ముందు అగరొత్తులు వెలిగించాం. పొద్దువాలాక చోంగ్‌గీ వచ్చాడు. ఒక్కడే. కాలిన చెయ్యి మీద తెల్లటి తొడుగు ఉంది, వేళ్ళు ముడుచుకోవడం లేదు. అక్క ఫొటో ముందు ఎడంచేత్తో అగరొత్తి గుచ్చాడు. వంగి లేచేసరికి చాలాసేపు పట్టింది.

ఇన్‌హ్వా ఆయనకి అన్నం పెట్టింది. ఎడంచేత్తో అన్నం తినే పుల్లలు పట్టుకోలేక చేప జారిపోతోంది. ఆమె చెంచా తెచ్చి ఇచ్చింది. పొట్టముక్క నా గిన్నెలోంచి తీసి ఆయన గిన్నెలో వేశాను. తినలేదు. తర్వాత తిన్నాడు.

"లారీలు?" అంది ఇన్‌హ్వా.

"వెనక దారికి గేటు పెట్టించాను. తాళంచెవి నీ దగ్గర పెట్టుకో." జేబులోంచి తీసి బల్లమీద పెట్టాడు. "నేను అడిగినా ఇవ్వకు."

ఆమె తీసుకోలేదు, తోసెయ్యలేదు. తాళంచెవి ఉప్పు గిన్నె పక్కన ఉండిపోయింది. షెడ్డు మళ్ళీ కట్టించడానికి పగలంతా వెదుళ్ళు మోసి అలిసిపోయిందేమో, నేను టీ పెట్టి తెచ్చేసరికి పట్టీ విప్పిన చేతిమీద తల పెట్టుకుని నిద్రపోతోంది. ఆ చెయ్యి ఇంకా సన్నగా, పాలిపోయి ఉంది.

చోంగ్‌గీ టీ తాగకుండానే లేచాడు. నాకు లేవొద్దని సైగ చేశాడు. గుమ్మం దాటి, వెనక్కి తిరిగి, జరుపుడు తలుపుని ఎడంచేత్తో మెల్లగా లాగాడు. చివర్లో ఆ తలుపు ఎప్పుడూ టప్పుమని కొట్టుకుంటుంది. అది ఆయనకి తెలుసు, ఆ ఇంటికి అక్క కోసం చిన్నప్పటినుంచీ వచ్చిపోయినవాడు. కాలిన చేతిని సందులో అడ్డం పెట్టి, తలుపు దానికి ఆనాక చెయ్యి తీసి, చప్పుడు లేకుండా మూశాడు.